ఇంజన్లకు వాసెన

పెట్రోలు పాడవుతుందన్న సంగతి నీలంపాడు మునిసిపాలిటీకి ఆ తుపాను దాకా తెలియదు. పాలు విరుగుతాయని తెలుసు, కందిపప్పుకు పురుగు పడుతుందని తెలుసు, కౌన్సిలర్లు పార్టీ మారతారని మరీ బాగా తెలుసు. పెట్రోలు మాత్రం బంగారం లాంటిదని, ఎన్నాళ్లు దాచినా ధర పెరగడమే గాని గుణం తగ్గడం ఉండదని అందరూ నిశ్చింతగా ఉన్నారు.

తుపానుకు తాడికాలవ పొంగింది. ఊళ్లోకి వచ్చిన నీళ్లు తోడదామని గోదాము తలుపులు తీస్తే, లోపలున్న ఇంజన్లలో ఒక్కటీ పలకలేదు. నీళ్లు తోడేవి పలకలేదు, జనరేటరు పలకలేదు, కూలిన చెట్లు కోసే రంపం పలకలేదు, దోమల పొగమిషను సరేసరి. తాడు లాగీ లాగీ ఇద్దరు మనుషులు భుజాలు పట్టేసి మంచమెక్కారు. మెకానిక్ మస్తాన్ వచ్చి కార్బురేటరు విప్పి, లోపల వేలు పెట్టి తీశాడు. వేలికి తుమ్మబంక లాంటిది అంటుకుని వచ్చింది.

"పోయినేడు పోసిన పెట్రోలు సార్ ఇది. కదలకుండా పడుంటే ఆవిరయ్యేది ఆవిరైపోయి మిగిలింది బంక కడద్ది," అన్నాడు. "దాచేముందు ట్యాంకీ ఖాళీ చేసి, లోపల మిగిలింది అయిపోయి దానంతటది ఆగిందాకా ఆడించాలి. కాదంటే కొత్త పెట్రోలు పోసి నెలకోసారి కాసేపు తిప్పాలి. అంతే."

ఆ 'అంతే'తోనే వచ్చింది చిక్కు. అంతే అనదగ్గ పని ప్రభుత్వంలో ఏదీ ఉండదు. ఉంటే దానికి కమిటీ వేయడం కుదరదు. పైగా ఖాళీ చేసిన పెట్రోలు ఎవరి మోటారు సైకిల్లోకి పోతుందో పదిమందికీ తెలుసు గనక, మస్తాన్ సలహాలో స్వార్థం ఉందని తేల్చి పక్కన పెట్టేశారు.

ఇక ఈ కథ ఎవరిదంటే, ఆ గోదాము స్టోర్‌కీపరు యడవల్లి కోదండపాణిది. రిటైరుమెంటుకు దగ్గర పడ్డ మనిషి. ఆఫీసులో ఆయనకు చెప్పుకోదగ్గ పేరేమీ లేదు. ఆయన గొప్పంతా ఇంట్లోనే ఉంది, అదీ కుడిచేతిలో. భార్య మాణిక్యాంబ పెట్టే ఆవకాయకు వాళ్లుండే పల్లపువీధిలోనే కాదు, ఊరంతా పేరు. జాడీల గదిలోకి ఆవిడ పిల్లల్ని రానివ్వదు, ఆడపడుచుల్ని రానివ్వదు, సొంత చెల్లెల్ని గడప దగ్గరే నిలబెట్టేస్తుంది. జాడీలో గరిటె పెట్టే అధికారం ఆవిడ తర్వాత ఈ భూమ్మీద ఒక్క కోదండపాణికే ఉంది.

"మా ఆయన చెయ్యి మంచిదమ్మా. ఆయన ముట్టిన జాడీకి బూజన్నది ఎరగం," అని ఆవిడ నలుగురిలో అంటుంటే, ఆయన వినపడనట్టు పేపరు చదువుకునేవాడు. ఆవిడ ఆ మాట పూర్తి చేసేదాకా పేజీ మాత్రం తిరిగేది కాదు. ప్రతి ఆదివారం తలస్నానం చేసి, చెయ్యి పొడిగా తుడుచుకుని, పెద్ద జాడీ మూతికి కట్టిన గుడ్డ, అదే వాసెన, విప్పి, వారానికి సరిపడా ఆవకాయ చిన్న జాడీలోకి తీసేవాడు. తిరిగి వాసెన బిగించి కట్టి, గరిటెకు అంటినదంతా వేడన్నంలో ఎర్రగా కలుపుకుని తినేవాడు. ఆయన ఎరిగిన పదోన్నతి అదొక్కటే. అది వారం వారం వచ్చేది.

తుపాను వెలిసిన కొన్ని నెలలకు ప్రణీత్ గారని కొత్త కమిషనరు వచ్చారు. కుర్రాయన, మహా చురుకు. చేరకముందే ఏదో కొండ మీద విడిది చేసి 'పూర్వుల విజ్ఞానంతో రేపటి పాలన' అన్న శిక్షణ పూర్తి చేసుకుని మరీ వచ్చారు. వస్తూనే ఆఫీసులో నీళ్ల కూలరు తీయించి కుండ పెట్టించారు. కుండ చెమ్మకు కింది అరలో ఫైళ్లు నానిపోతే, అది భూమాత స్పర్శ అని సర్దిచెప్పారు.

మే నెలలో వానాకాలపు సన్నాహక సమావేశం పెట్టారు. పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది: నిల్వ ఉంచిన ఇంజన్లలో ఇంధనం చెడిపోకుండా స్థానికంగా అనువైన విధానం అవలంబించవలెను. కమిషనరు గారు 'స్థానికంగా' అన్న మాట కింద రెండు గీతలు గీసి, తలెత్తి అందర్నీ చూశారు.

"మన ఇళ్లలో ఏడాది పొడుగునా చెడిపోకుండా ఉండే పదార్థం ఏది? ఆలోచించండి. జవాబు మన మూలాల్లోనే ఉంది."

మునిసిపల్ ఇంజనీరు పరాంకుశం గారు కళ్లు మూసుకుని ఆలోచించి, "విభూతి సార్," అన్నారు. లెక్కల అధికారి విస్సన్న గారు, "పెండింగు ఫైలు సార్," అని, తర్వాత అనకుండా ఉండాల్సిందేమోనని దిగులుపడ్డారు.

సమావేశం అప్పటికే భోజనం వేళ దాటింది. వెనక వరసలో కోదండపాణి ఆకలికి ఆగలేక, బల్ల కింద క్యారేజీ మూత కొంచెం ఎత్తాడు. కొంచెం చాలు కదా. ఆవకాయ వాసన గది నాలుగు మూలలకూ పోయింది.

"ఏమిటది?" అన్నారు కమిషనరు గారు.

కోదండపాణి క్యారేజీతో సహా లేచాడు. "ఆవకాయ సార్. మా ఇంట్లోదే."

"ఎప్పటిది?"

"పోయినేటిది సార్."

కమిషనరు గారు వచ్చి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. కళ్లు చెమర్చాయి, అది భక్తో కారమో తెలియదు.

"పెట్రోలు పోయినేటిదే. ఆవకాయా పోయినేటిదే. ఒకటి బంక కట్టింది. రెండోది ఇదిగో, ఇలా ఉంది. ఎందుకు?"

ఒకటి పెట్రోలు గనక, రెండోది ఆవకాయ గనక అని ఎవరైనా అని ఉంటే కథ అక్కడితో ముగిసేది. కాని ఆ మాట అనడానికి ఆ గదిలో ఎవరికీ జీతం ఇవ్వడం లేదు.

మర్నాడే ఇంధన నిల్వ సంప్రదాయ విజ్ఞాన అధ్యయన ఉపసంఘం ఏర్పడి, ఆ పేరు పలకడం పూర్తయ్యేసరికి పల్లపువీధిలో కోదండపాణి ఇంటి ముందు దిగింది. అధ్యయనం వేడన్నంతో మొదలైంది. రెండోసారి వడ్డన అయ్యాక కమిషనరు గారు పెన్ను తీశారు.

"చెప్పండమ్మా. మీ విధానం మేం ఇంజన్లకు వర్తింపజేస్తాం."

"ఇంజన్లకాండీ?" అంది మాణిక్యాంబ. మొగుడి వంక చూసింది. ఆయన నేల వంక చూశాడు. ఎదురుగా కమిషనరు అంతటివాడు పెన్ను పట్టుకు కూర్చుంటే ఎవరికైనా ఎందుకు చెప్పబుద్ధి కాదు? ఆవిడ కొంగు సర్దుకుని అందుకుంది.

"మొదటిది, తడి తగలకూడదండీ. తడిచెయ్యి పెట్టారా, ఇక ఆ జాడీ మీద ఆశ వదులుకోవాల్సిందే."

"తేమరహిత హస్త సంపర్కం," అని పరాంకుశం గారు రాసుకున్నారు.

"జాడీ నిండుగా ఉండాలి. పైన రెండు వేళ్ల మందాన పప్పునూనె తేలుతుండాలి. గాలి సోకకూడదు."

"ఉపరితల తైల కవచం."

"మాటిమాటికీ మూత తీయకూడదు. రోజువారీకి చిన్న జాడీలోకి తీసి పెట్టుకోవాలి. పెద్ద జాడీ జోలికి పోకూడదు."

"అనవసర ప్రారంభ నిషేధం."

"మూడోరోజు తిరగకలపాలి."

"ఎవరు కలపాలి? రెగ్యులరు ఉద్యోగా, అవుట్‌సోర్సింగా?" అని విస్సన్న గారు అడిగారు.

"చెయ్యి మంచిదైనవాళ్లు," అంది మాణిక్యాంబ. "అసలు సంగతి అదేనండీ. ఎంత శ్రద్ధగా పెట్టినా చెయ్యి మంచిది కాకపోతే ఏదీ నిలవదు. మా ఇంట్లో ఆ చెయ్యి మావారిది."

అందరూ కోదండపాణి చేతి వంక చూశారు. ఆ చెయ్యి ఇంకా ఎంగిలిగా ఉంది. ఆయన సిగ్గుపడి దాన్ని వెనక్కి పెట్టుకున్నాడు.

"కోదండపాణి గారూ," అన్నారు కమిషనరు. ఇన్నేళ్ల ఉద్యోగంలో పేరు చివర ఆ 'గారూ' తగలడం ఆయనకు అదే మొదటిసారి. "ఈ రోజు నుంచి మీరు స్టోర్‌కీపరు మాత్రమే కాదు. నిల్వ హస్తాధికారి."

చెప్పొద్దూ, ఆయనకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. మస్తాన్ అన్నమాట గుర్తొచ్చింది. పెట్రోలు ట్యాంకీలో నూనె పోయడం ఏమిటి, మన మొహం అనుకున్నాడు కూడా. కాని మనిషికి పెద్ద బిరుదు తగిలించాక చిన్న అనుమానం ఎంతసేపు నిలుస్తుంది? గుమ్మం దాటేలోపు పోయింది.

అమలు జూన్‌లో మొదలైంది. గోదాము బయట చెప్పులు విడవాలి. స్నానం చేయనివాళ్లు లోపలికి రాకూడదు. మస్తాన్ బాగుచేసి పెట్టిన ఇంజన్ల ట్యాంకీలన్నీ మూతి దాకా పెట్రోలుతో నింపి, కోదండపాణి తన మంచి చేత్తో పైన పప్పునూనె పోశాడు. నూనె తేలలేదు. ఎంత పోసినా లోపలికి పోయి పెట్రోలుతో కలిసిపోతోంది తప్ప పైన కవచమన్నది కట్టదే.

"తేలేదాకా పోయండి," అన్నారు పరాంకుశం గారు. చివరికి ట్యాంకీలు పొంగి నేల మీద పారితే, ఇంజన్లు బాగా పీల్చుకుంటున్నాయని, అది ఆరోగ్య లక్షణమని తీర్మానించారు.

ఉప్పు దగ్గర పెద్ద చర్చే జరిగింది. పరాంకుశం గారికి ఎంతైనా ఇంజనీరింగు చదివిన మొహమాటం ఉంది గనక, ట్యాంకీలో ఉప్పు వద్దన్నారు. విస్సన్న గారు ఒప్పుకోలేదు. ఉప్పు లేకుండా నిల్వ అంటే ఆడిట్‌వాళ్లు అడుగుతారు, నేనేం చెప్పాలి అన్నారు. రాజీమార్గంగా ఒక్కో ఇంజను పిడికి ఒక్కో ఉప్పు ప్యాకెట్టు కట్టారు.

మూడోరోజు తిరగకలిపే కార్యక్రమం. నలుగురు మనుషులు ఒక్కో ఇంజన్ను పైకెత్తి అటూ ఇటూ ఊపారు. రంపాన్ని ఒక్కడే ఒళ్లో పెట్టుకుని జోకొట్టాడు. జనరేటరు ఎత్తడానికి లొంగలేదు. దాని చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, కలిపినట్టే లెక్క అనుకున్నారు. ఆ తర్వాత మూతలకు వాసెన కట్టారు. మామూలు గుడ్డ కాదు, చేనేతకు ప్రోత్సాహంగా ఉంటుందని ఎర్రంచు గుడ్డలు తెప్పించారు. గోదాములో ఇంజన్లన్నీ పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు కూర్చున్నాయి.

నెల తిరిగాక మస్తాన్ వచ్చి, ఒకసారి తిప్పి చూద్దాం సార్ అన్నాడు.

"అంటే మూత తీయడమేగా?" అన్నాడు కోదండపాణి. గొంతులో కొత్త గాంభీర్యం వచ్చింది. "బూజు పడితే నువ్వు జవాబు చెప్తావా?"

"బూజు పట్టడానికి అదేమన్నా చింతకాయ పచ్చడా పాణిగారూ," అని మస్తాన్ వెళ్లిపోయాడు. ఇంట్లో చెప్పుకుని నవ్వుకుని ఉంటాడు.

మరి రోజువారీకి చిన్న జాడీ ఉండాలి కదా. ఉన్నవాటిలో బుల్లి ఇంజను ఒకదాన్ని నూనె పోయకముందే ఎంచి, కమిషనరు గారి బంగళాకు పంపారు, తోటకు నీళ్లు పెట్టడానికి. దానికి నూనె లేదు, ఉప్పు లేదు, వాసెన లేదు. కోదండపాణి పొద్దున్నే ఆఫీసుకు వెళ్తూ బంగళా దగ్గర ఆగి, సీసాతో తెచ్చిన పెట్రోలు పోసి తాడు లాగేవాడు. ఒక్క లాగుకు పలికేది. పోసింది పోసినట్టు సాయంత్రానికి ఖర్చయ్యేది. అది రోజూ పలుకుతుంటే ఆయన తన అరచెయ్యి తిప్పి చూసుకుని మురిసిపోయేవాడు.

పేరు పాకింది. పక్క ఊళ్ల నుంచి అధికారులు వచ్చి చెప్పులు విడిచి గోదాము చూసి వెళ్లారు. పొరుగున ఉన్న మునిసిపాలిటీవాళ్లకు రోషం వచ్చి, ఆవకాయ కాదు, మా ప్రాంతానికి మాగాయే సంప్రదాయం అన్నారు. మాగాయంటే ముక్కల్ని ఎండబెట్టాలి. వాళ్లు పెట్రోలు పళ్లేల్లో పోసి మేడ మీద ఎండబెట్టారు. సాయంత్రం చూస్తే పళ్లేలు పొడిగా ఉన్నాయి. తేమ సంపూర్ణంగా తొలగిపోయినదని వాళ్లు పైకి నివేదిక పంపుకున్నారు.

రాజధానిలో కమిషనరు గారికి శాలువా కప్పారు. ఊళ్లో ఆఫీసు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో కమిషనరు గారి మొహం, పరాంకుశం గారి మొహం, విస్సన్న గారి మొహం ఉన్నాయి. కోదండపాణి మొహం లేదు. ఆయన కుడిచెయ్యి మాత్రం నిలువెత్తున వేశారు. మాణిక్యాంబ వీధిలోని ఆడవాళ్లందర్నీ వెంటబెట్టుకుని వెళ్లి ఆ చెయ్యి చూపించింది. ఇంటికొచ్చి అసలు చేతికి దిష్టి తీసింది.

అక్టోబరు వచ్చింది. తుపానూ వచ్చింది. దానికి ఉత్తర్వులతో పనేముంది.

పొద్దున్నే ఆకాశం చూసి మాణిక్యాంబ అంది, "ఏవండీ, నలుగురు మనుషుల్ని పిలిచి జాడీలు అటక మీదికి ఎక్కిద్దామా? పోయినేడు గడప దాకా వచ్చాయి నీళ్లు."

"పిచ్చిదానా, నా చేత్తో దాచిన ఇంజన్లు గోదాములో ఉండగా మనకు అటకెందుకే," అన్నాడు కోదండపాణి. "ఒక్కో చినుకూ లెక్కపెట్టి తోడిపారేస్తా చూడు." గొడుగు తిరగబడితే పారేసి, బంగళా దగ్గర ఆగి, అలవాటు ప్రకారం చిన్న ఇంజన్ను ఒక్క లాగు లాగి, అది నీళ్లు తోడుతుంటే చూసి, ధీమాగా గోదాముకు చేరాడు.

అక్కడ సిబ్బందంతా సిద్ధంగా ఉన్నారు. అందరూ తడిసి ముద్దయి ఉన్నారు. వాసెన విప్పబోయిన మనిషిని పరాంకుశం గారు చెయ్యెత్తి ఆపారు.

"నీ చెయ్యి తడిగా ఉంది."

"వాన పడతా ఉంది గదండీ."

"అందుకే అంటున్నా. తేమరహిత హస్త సంపర్కం. తడిచెయ్యి తగిలితే ఇన్ని నెలల నిల్వా నాశనం."

నిజమే. కాని వాన పడితే తప్ప అక్కరకు రాని ఇంజన్లను, వానలో వచ్చినవాడెవడూ ముట్టుకోవడానికి వీల్లేదన్నది అప్పుడే అందరికీ తట్టింది. తువ్వాళ్లు తెప్పించారు, దారిలోనే తడిశాయి. కుంపటి వెలిగించి చేతులు ఆరబెట్టుకుందామన్నారు ఒకరు. పొంగిన పెట్రోలు నేల మీద ఉండగా కుంపటి వద్దన్నారు ఇంకొకరు. ఆ ఏడాది మొత్తంలో ఆ ఆఫీసు తీసుకున్న తెలివైన నిర్ణయం అదొక్కటే.

"ఊళ్లో పొడిగా ఉన్న మనిషి ఎవరు?" అని పరాంకుశం గారు అడిగారు.

విస్సన్న గారు. ఆఫీసు మేడ మీది గదిలోనే కాపురం గనక ఆయనకు చుక్క తగల్లేదు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మీద టార్పాలిను కప్పి, ఆవరణ దాటించి గోదాములో దింపారు. సర్వీసు మొత్తంలో ఆయన లాగింది ఫైళ్లకు కట్టే తాళ్లే. ఇంజను తాడు చేతికిచ్చేసరికి భయానికి అరచేతులు చెమట పట్టాయి.

"చెమట తడి కిందికి వస్తుందా?" అన్నాడు కోదండపాణి. ఈలోపు నీళ్లు గడప దాటి అందరి పాదాలూ ముంచాయి. పల్లపువీధి ఇంకా పల్లంలో ఉంటుంది. ఆయనకు జాడీల గది కళ్లముందు ఆడుతోంది.

పరాంకుశం గారు ఆలోచించారు. "చెమట మనిషిలోంచి పుట్టినది. బాహ్య జలం కాదు. అనుమతించవచ్చు."

విస్సన్న గారు లాగారు. ఇంజను పలకలేదు. మళ్లీ లాగారు. ఆయనే పలికి వెనక్కి పడ్డారు. నీళ్లలో పడ్డారు గనక ఊళ్లో ఉన్న ఒక్క పొడి మనిషీ పోయాడు.

అప్పటికి కమిషనరు గారు, వెనకే మస్తానూ వచ్చారు. ఆ తొక్కిసలాటలో మస్తాన్ ఎవర్నీ అడక్కుండానే వాసెన విప్పి, మూత తీసి, లోపలికి ఒక పుల్ల పెట్టి పైకెత్తాడు. పుల్లకు గోధుమరంగు ముద్ద పట్టుకుని వచ్చింది. ఆర్నెల్లు తోమని దీపపు కుందె వాసన గోదామంతా కమ్మింది. రెండోది విప్పాడు, అదే వాసన. జనరేటరు, రంపం, పొగమిషను, అన్నీ అంతే. పిడికి కట్టిన ఉప్పు ప్యాకెట్లు కరిగి ఉప్పునీళ్లు కారుతున్నాయి.

"మా బంగళాలో చిన్నది ఆడుతోంది," అన్నారు కమిషనరు గారు. అదే నిజం. తర్వాత మూడు రోజులు ఊరి నీళ్లన్నీ వీధి తర్వాత వీధి తోడింది ఆ బుల్లి ఇంజను ఒక్కటే.

కోదండపాణి నడుము లోతు నీళ్లలో ఇంటికి చేరాడు. మాణిక్యాంబ మేడ మెట్ల మీద కూర్చుని ఉంది. జాడీల గది వంక చెయ్యి చూపించింది. ఆయన లోపలికి తొంగిచూశాడు.

జాడీలు తేలుతున్నాయి. అక్టోబరుకు సగం పైగా ఖాళీ అయినవి గనక నిలువుగా, మర్యాదగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గదంతా తిరుగుతున్నాయి. మూతుల మీద ఆయన ఆదివారం బిగించి కట్టిన వాసెనలు అట్లాగే ఉన్నాయి. నీళ్లు తీశాక మాణిక్యాంబ ఒక్కో జాడీ విప్పి చూసింది. చుక్క దిగలేదు.

"మీ చేతి చలవ," అంది ఆవిడ. అటక మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేదని కోదండపాణికి అనిపించింది.

నీళ్లు తగ్గాక విచారణ పెట్టారు. పైనుంచి వచ్చిన విచారణాధికారి పెద్దమనిషి. అంతకుముందు కమిషనరు గారికి శాలువా కప్పినదీ ఆయనే. ఈ విధానాన్ని మిగతా ఊళ్లలో పెట్టించినదీ ఆయనే. అందుకని విచారణ చాలా జాగ్రత్తగా జరిగింది. ఒక జాడీని తెప్పించి బల్ల మీద పెట్టారు. వరదలో తేలినా చెడలేదు గనక విధానం నిర్దోషమన్నారు. చిన్న ఇంజను పలికింది గనక చిన్న జాడీ సూత్రం అక్షరాలా నిజమన్నారు. పెట్రోలు మంచిదే, నూనె మంచిదే, ఉప్పు మంచిదే.

"మరి మిగిలింది?" అన్నారు విచారణాధికారి.

మిగిలింది ఒక్కటే. అందరూ దాని వంకే చూశారు. ఈసారి అది ఎంగిలిగా లేదు, అయినా కోదండపాణి వెనక్కి పెట్టుకున్నాడు.

పరాంకుశం గారు ఆయన్ను వరండాలోకి తీసుకెళ్లారు. "చూడవయ్యా కోదండపాణీ. విధానం తప్పని తేలితే, ఇంజన్లు పాడు చేసింది స్టోర్‌కీపరని తేలుతుంది. ఉద్యోగం పోతుంది, పింఛను పోతుంది. చెయ్యి మంచిది కాదంటావా, అది దైవికం. దైవికానికి సర్వీసు రూల్సులో శిక్ష లేదు. ఒక్క ముక్క రాసి సంతకం పెట్టు. నీకూ మంచిది, అందరికీ మంచిది."

'చిన్న ఇంజన్ను రోజూ తిప్పింది నా చెయ్యే కదండీ' అన్న మాట కోదండపాణి గొంతు దాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? చేతిలో తప్పు లేదని తేలుతుంది. చేతిలో లేకపోతే విధానంలో ఉందని తేలుతుంది. రిటైరుమెంటు ఇంకెంతో దూరం లేదు. ఆయన మాట మింగేశాడు. లోపలికి వెళ్లి విచారణాధికారి ఇచ్చిన పెన్నుతో, నా చెయ్యి మంచిది కాదు అని రాసి కింద సంతకం పెట్టాడు.

గదిలో అందరికీ ఊపిరి వచ్చింది. టీలు వచ్చాయి. కోదండపాణి పెన్ను తిరిగి ఇవ్వబోతే విచారణాధికారి కొంచెం వెనక్కి జరిగి, "ఫరవాలేదు, మీరే ఉంచుకోండి," అన్నారు.

ఆ వచ్చిన ఆదివారం కోదండపాణి ఎప్పటిలాగే తలస్నానం చేశాడు. చెయ్యి పొడిగా తుడుచుకున్నాడు. పొడి గరిటె అందుకుని జాడీల గదికి వెళ్లాడు. గడపకు అడ్డంగా మాణిక్యాంబ నిలబడి ఉంది.

"ఆగండి," అంది.

"ఏమే?"

"మీ చెయ్యి మంచిది కాదని మీరే రాసిచ్చారటగా. వీధి వీధంతా చెప్పుకుంటున్నారు."

"అది ఆఫీసు సంగతే. ఉద్యోగం నిలబెట్టుకోవాలి గనక రాశా. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఉద్యోగం కోసం రాసినా రాసింది ఈ చేత్తోనేగా." ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది. "ఏడాది కష్టమండీ. ఇప్పుడు జాడీకి ఏమన్నా అయితే నేను ఎవరితో చెప్పుకోను?"

"మరి బంగళాలో చిన్న ఇంజను?" అన్నాడు కోదండపాణి. ఏడుపొక్కటే తక్కువ. "రోజూ నా చేత్తోనే కదే తిప్పింది. ఒక్క లాగుకు పలికేది. ఊరంతా తోడింది అదే కదే."

మాణిక్యాంబ ఆయన మొహం వంక చాలాసేపు చూసింది. జాలిపడింది కూడా. కాని గడప మీంచి జరగలేదు.

"ఆ మాట అక్కడ చెప్పాల్సిందండీ," అంది.

గరిటె ఆయన చేతిలోంచి తీసుకుని, తనే లోపలికి వెళ్లి, వాసెన విప్పి, ఆవకాయ తీసి, మళ్లీ కట్టి వచ్చింది. కోదండపాణి కంచం ముందు కూర్చున్నాడు. వేడన్నం పొగలు పోతోంది. ఆవిడ ఒక ముక్కా, ఉసిరికాయంత గుజ్జూ కంచం అంచున వేసింది. కలిపితే అన్నంలో నాలుగోవంతు కూడా ఎర్రబడలేదు. ఆ నాలుగు ముద్దలూ తినేసి, మిగిలిన తెల్లటి అన్నం వంక చూసి, ఆయన తలెత్తాడు.

"ఇంకాస్త వెయ్యవే."

"మాటిమాటికీ మూత తీయకూడదండీ," అంది మాణిక్యాంబ, మజ్జిగ పోస్తూ.